తల్లిగారి భయం మేరకు

మా అమ్మాయి వీరవేణి బురదలో ఉద్యోగం చేస్తోంది. ఉద్యోగమంటే పూర్తిగా ఉద్యోగం కాదు, చదువు. చదువంటే పుస్తకాలతో కాదు, పీతలతో. గోదావరి సముద్రంలో కలిసే చోట, మడ అడవి అంచున ఒక పరిశోధనా కేంద్రం ఉంది. దాని ముందున్న బురదలో బొటనవేలంత పీతలుంటాయి. మగపీతకి ఒక చెయ్యి చిన్నది, ఇంకోటి దాని ఒంటికంటే పెద్దది. నీళ్ళు వెనక్కి తీయగానే అవి కన్నాల్లోంచి బయటికొచ్చి, ఆ పెద్ద చెయ్యి ఊపుతూ ఆడపీతల్ని పిలుస్తాయి. వాన పడుతున్నప్పుడు కూడా ఊపుతాయా, ఊపితే ఎలా ఊపుతాయి అన్నదే మా అమ్మాయి చదువు. పోయినేడు వానల్లో తుఫానొచ్చి అది పాతుకున్న గుర్తుకర్రలన్నీ కొట్టుకుపోయాయి. ఈ వానాకాలం చూడగలిగితే డాక్టరేటు వస్తుంది. లేకపోతే స్కాలర్‌షిప్పు గడువు అయిపోయి ఇన్నేళ్ళ చదువూ మధ్యలోనే ఆగిపోతుంది.

మా ఆయన రాజోలులో టైలరు. మిషను వదిలి రాలేరు కాబట్టి నేనొక్కదాన్నే వచ్చాను, నాలుగు రోజులుండి చూసి పోదామని. చూశాక పోలేకపోయాను.

గట్టు మీద నిలబడి చూస్తే, దూరంగా మోకాళ్ళ దాకా బురదలో దిగబడి, వంగి, ఒంటరిగా నా కూతురు. పాము ఉంటే? కాలు ఊడిరాక ఇరుక్కుపోయినప్పుడు నీళ్ళు ఎక్కితే? ఎండకి కళ్ళు తిరిగి ముందుకి పడితే మొహం బురదలో ఉంటుంది, అరవడానికి నోరు కూడా ఉండదు. ఇవన్నీ నేను కూర్చుని ఆలోచించినవి కావు. కన్ను పడగానే వాటంతట అవే వచ్చినవి.

అప్పటికి ఆ కేంద్రమంటే రేకుల కప్పున్న మూడు గదులు, ఒక వరండా, నీళ్ళ డ్రమ్ము. బాధ్యులు పరాంకుశం గారు. రిటైరుమెంటుకి దగ్గర్లో ఉన్నారు, ఎవరేమన్నా "చూద్దాం" అంటారు. కాపలాకీ పడవకీ కలిపి సింహాద్రి అని ఒక మనిషి. పరిశోధన చేసేది మా అమ్మాయి ఒక్కతే.

నేను వచ్చిన వారానికే విశ్వమోహన్ గారు వచ్చారు. ఆయన సౌకర్యాల ఉన్నతీకరణ ప్రత్యేకాధికారి. ఎక్కడో ఏదో హాస్టల్లో పెచ్చు ఊడి పడిందట. దాని మీద ఒక ఉత్తర్వు పుట్టింది. చదువుకునేవాళ్ళు నివసించే ప్రతి హాస్టల్లోనూ తల్లిదండ్రుల ప్రతినిధి ఉండాలి. ఆ ప్రతినిధి వ్యక్తం చేసిన ప్రతి భయాన్నీ శాశ్వత కట్టడం ద్వారా నివారించాలి. నివారించాక ఆ భయం పరిష్కృతమైనట్టు ప్రకటించాలి. ఉత్తర్వు హాస్టళ్ళకే రాసినా, ఇక్కడ కూడా ఒక చదువుకునే మనిషి నివసిస్తోంది కాబట్టి ఇదీ హాస్టలే అని తేల్చారు. ఆ మనిషికి తల్లిని నేను, ఎదురుగానే ఉన్నాను. కాబట్టి ప్రతినిధిని నేనే.

వరండాలో బల్ల వేసి, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, విశ్వమోహన్ గారు గొంతు సవరించుకున్నారు.

"తల్లిగారూ, సదరు కేంద్రంలో తమరికి ఏ అంశం మీదనైనా ఆందోళన ఉన్నదా?"

నన్ను జన్మలో ఎవరూ ఆ మాట అడగలేదు. మా ఇంట్లో అందరూ నీ భయాలు నీ దగ్గర పెట్టుకో అనేవాళ్ళే.

"ఉందండి," అన్నాను.

"ఏ అంశం మీద?"

"ఏ అంశం మీద లేదో అడగండి బాబూ, అది తొందరగా తేలుతుంది."

ఆయన మొహం వికసించింది. "ఇటువంటి ప్రతినిధి దొరకడం కేంద్రం అదృష్టం," అని పరాంకుశం గారికేసి చూశారు. పరాంకుశం గారు చూద్దాం అన్నారు.

ముందు బురద సంగతే చెప్పాను. దిగేచోట పట్టుకోవడానికి ఒక కర్ర పాతిస్తే చాలన్నాను. కర్ర శాశ్వత కట్టడం కాదన్నారు. నెల తిరక్కుండా గట్టు నుంచి బురద మీదుగా, సిమెంటు స్తంభాలపైన ఒక వంతెన వేశారు, రెండువైపులా స్టీలు కమ్మీలతో. మా అమ్మాయి కమ్మీ పట్టుకుని కిందికి తొంగి చూసింది.

"బాగుందమ్మా," అంది చివరికి. "కాని పీతలు కింద ఉంటాయి కదా."

"పైనుంచి కనబడవేంటే?"

"వాటికి మనం కనబడతాం. నీడ పడితే కన్నంలోకి పోతాయి."

ఆ మాట నేను మళ్ళీ సమావేశంలో చెబుదామనుకున్నాను. కాని అప్పటికి ఎండలు ముదిరాయి, వంతెన మీద నిలబడ్డ పిల్లకి వడదెబ్బ తగులుతుందేమోనని నాకు వేరే భయం పట్టుకుంది. అదే చెప్పాను. వంతెన చివర అద్దాల గది కట్టారు. దానికి వాతానుకూలిత పరిశీలనా మందిరం అని పేరు. అందులో ఏసీ, ఏసీకి జనరేటరు. జనరేటరు వేస్తే గది అడుగున బురద సన్నగా వణికేది. ఆ వణుకు తగిలి పీతలన్నీ అవతలికి జరిగిపోయాయి. మా అమ్మాయి చల్లగా కూర్చుని ఖాళీ బురదని చూసేది.

"బురద, ఎండ, రెండు భయాలూ పరిష్కృతం," అన్నారు విశ్వమోహన్ గారు. "తరువాతి భయం సెలవివ్వండి."

చెప్పానుగా, నాకు భయాలకి లోటు లేదు. పాత సిమెంటు నేల పగుళ్ళలో తేలు కనబడింది, అది చెప్పాను. గదుల్లో, వరండాలో నున్నటి గ్రానైటు పరిచారు. తేలు పరిష్కృతం. పాముల సంగతి చెప్పాను, పోటుకి నీళ్ళు ఎక్కే సంగతి చెప్పాను. ఆ రెంటికీ కలిపి చుట్టూ గోడ లేపారు, బురద కూడా లోపలికే వచ్చేలా. గోడకి ఒకటే గేటు.

సింహాద్రి గోడకేసి చూసి చూసి నా దగ్గరికొచ్చాడు.

"ఏవండి మంగతాయారు గారూ, తమరికి ఇంకా ఏవైనా భయాలున్నాయేంటండి?"

"ఎందుకయ్యా?"

"ఏం లేదండి. మా ఇంటి దగ్గర రోడ్డు గోతులు పడిపోయిందండి. అమ్మాయిగారు ఎప్పుడైనా అటొత్తే పడిపోద్దేమోనని తమరు ఓ ముక్క భయపడితే, మాకూ రోడ్డు పడిపోద్దని."

"అడ్డమైనవాటికీ భయపడతానా నేను," అన్నాను. అతను నవ్వాపుకుంటూ వెళ్ళిపోయాడు.

గోడ కట్టాక పాము రాలేదు, నిజం. నీళ్ళు కూడా రాలేదు. పోటూ లేదు, ఆటూ లేదు. బురద ఎండి బీటలు వారింది. మా అమ్మాయి పరాంకుశం గారి దగ్గరికి వెళ్ళి గోడకి కన్నాలైనా పెట్టమంది. ఆయన చూద్దామని, పైకి రాశారు. విశ్వమోహన్ గారు మళ్ళీ వచ్చి అంతా విన్నారు.

"అర్థమైంది. మీకు ఆటుపోట్లు కావాలి. గతంలో అవి అనియంత్రితంగా, వేళాపాళా లేకుండా వచ్చేవి. ఇకమీదట నియంత్రిత ఆటుపోట్ల వ్యవస్థను నెలకొల్పుతాం."

వ్యవస్థ అంటే రెండు మోటార్లు. ఆఫీసు తెరిచాక పోటు, మధ్యాహ్నం భోజనాల తరవాత ఆటు. ఆదివారం రెండూ సెలవు. పండగ రోజుల్లో కావాలంటే ముందుగా తెలియజేయాలి. కరెంటు పోతే నీళ్ళు ఎంతవరకు ఎక్కాయో అక్కడే ఆగిపోయేవి. మొదటిసారి మోటార్లు వేసిన రోజు విశ్వమోహన్ గారు కొబ్బరికాయ కొట్టారు.

నీళ్ళొచ్చినా పీతలు రాలేదు. అప్పటికే అవి గోడకి బయట, నదివైపు బురదలో కాపురం పెట్టుకున్నాయి. మా అమ్మాయి గేటు దాటి అక్కడికి వెళ్ళడం మొదలుపెట్టింది. ఒకరోజు నేను నిద్ర లేచేసరికి మంచం మీద లేదు. వంటగదిలో లేదు, అద్దాల గదిలో లేదు. గేటు తీసి ఉంది. అది తిరిగొచ్చేదాకా నేను ఎలా ఉన్నానో నాకే తెలియదు. ఆ నెల సమావేశంలో ఒక్క మాటే అన్నాను. పిల్ల చెప్పకుండా గేటు దాటిపోతుందేమోనని నాకు భయంగా ఉందండి అని.

గేటుకి తాళం పడింది. తాళం తియ్యాలంటే మా మామూలు సమావేశం చాలదు, పై అధికారి కూడా ఉండే భద్రతా సంఘం సమావేశమై అనుమతివ్వాలి. సంఘం మూడు నెలలకోసారి తప్ప సమావేశం కాదు. ఆ విడతది అప్పుడే అయిపోయింది. నేను చెప్పిందేమో, నాకు చెప్పి వెళ్ళమనే కదా. చెప్పడమనేది కట్టడం కాదుట. తాళమైతే కట్టడం కిందికి వస్తుందిట.

పీతలు లేకపోవడం మాత్రం విశ్వమోహన్ గారిని బాధపెట్టింది. "ఇన్ని సౌకర్యాలు కల్పించినా లక్షిత జీవులు వాటిని సద్వినియోగం చేసుకోకపోవడం విచారకరం," అన్నారు. అని ఊరుకోలేదు. యానాం మార్కెట్టు నుంచి రెండు బుట్టల పీతలు పంపించారు. కూరకి వండుకునే పెద్ద పీతలు. చేతులు రెండూ ఒంటికి ఆనించి తాడుతో కట్టేసి ఉన్నాయి.

"సార్, నేను చూడాల్సింది అవి చెయ్యి ఊపడం," అంది మా అమ్మాయి.

"ఊపుతాయమ్మా, వాటికి కొంత సమయం ఇవ్వాలి."

"కట్టేసి ఉన్నాయి సార్."

ఆయన నాకేసి చూశారు. "కట్లు విప్పితే అమ్మాయిని కరిచే ప్రమాదం ఉన్నదా, తల్లిగారూ?"

ఆ పీత చెయ్యి మా అమ్మాయి మణికట్టంత ఉంది. అబద్ధం చెప్పలేకపోయాను. "ఉందండి," అన్నాను.

"అయితే కట్లతోనే పరిశీలించాలి."

రెండు రోజులు పరిశీలించాక వాసన వచ్చింది. సింహాద్రి వాటిని పట్టుకుపోయాడు.

మర్నాడు మొదటి వాన పడింది. అది నాలుగు చినుకులు చల్లిపోయే వాన కాదు, నదికి అవతల నుంచి తెల్లగా గోడలా నడిచొచ్చే వాన. మా అమ్మాయి తాళం వేసిన గేటు దగ్గర నిలబడి, ఊచల మధ్యలోంచి బయటి బురదకేసి చూస్తోంది. బట్టలన్నీ తడిసిపోయాయి. గొడుగు పట్టుకుని వెళ్ళాను.

"లోపలికి రా వేణీ, జలుబు చేస్తుంది. జలుబు ముదిరితే నిమ్ము."

అది నావైపు తిరగలేదు. "అమ్మా, ఒక్క మాట అడుగుతాను. నేను ఈ బురదలో రెండేళ్ళు పనిచేశాను. ఎప్పుడైనా పడ్డానా?"

"పడలేదు."

"ఏమైనా కుట్టిందా?"

"కుట్టలేదు. కుడితే?"

"అదిగో. ఆ కుడితేకి గోడ కట్టారు. జారితేకి వంతెన వేశారు. వానలు మొదలైపోయాయి. ఇవి పోతే నాకు మళ్ళీ వానలు లేవు. నీకు దణ్ణం పెడతానమ్మా, ఇంకేం భయపడకు."

"భయం నా చేతిలో ఉందా తల్లీ? అడుగుతున్నారు, చెబుతున్నాను."

"అడిగితే లేదని చెప్పచ్చు."

"ఉన్నదాన్ని లేదని ఎలా చెబుతానే?"

అది కళ్ళు తుడుచుకుందో, వాన తుడుచుకుందో, గబగబా లోపలికి నడిచింది. వరండా మెట్టెక్కింది. కొత్త గ్రానైటు మీద జల్లు కొట్టి, అద్దంలా మెరుస్తోంది. నేను చూస్తుండగానే దాని రెండు కాళ్ళూ ముందుకి పోయాయి. చెయ్యి కింద పెట్టి పడింది. ఆ చప్పుడు వానలో కూడా వినబడింది.

మణికట్టు దగ్గర ఎముక చిట్లిందన్నారు తాళ్ళరేవు ఆసుపత్రిలో. మోచేతి దాకా లావుగా పిండికట్టు వేశారు. సింహాద్రి దాన్ని చూసి, "ఎంత పెద్ద సెయ్యి వచ్చిందండి అమ్మాయిగారూ, ఇంక మగపీతలు సిగ్గుతో చచ్చిపోతాయి," అన్నాడు. రెండు నెలలుగా నవ్వనిది అప్పుడే నవ్వింది.

చదువుకునే మనిషికి దెబ్బ తగిలింది కాబట్టి భద్రతా సంఘం అత్యవసర సమావేశం పెట్టారు. విశ్వమోహన్ గారు వచ్చారు, ఆయనతో బాటు ఆయన పై అధికారి ఒకరు వచ్చారు. పరాంకుశం గారు గోడ పట్టుకుని నడుస్తూ వచ్చి కూర్చున్నారు. కేంద్రంలో అందరం అప్పటికి గోడలు పట్టుకునే నడుస్తున్నాం. మా అమ్మాయి కట్టు ఒళ్ళో పెట్టుకుని మూల కూర్చుంది. నావైపు చూడటం లేదు.

"తల్లిగారూ," అన్నారు విశ్వమోహన్ గారు, "తమరి తాజా ఆందోళన?"

"ఈ నేలండి."

"నేల అనగా?"

"గ్రానైటండి. మా పిల్ల రెండేళ్ళు బురదలో ఉంటే గోరు కూడా విరగలేదు. ఈ వరండా ఎక్కగానే చెయ్యి విరిగింది. ఈసారి తల తగిలితే? మెట్టు అంచుకి వెన్ను తగిలితే? నేను రాత్రింబవళ్ళు దాని వెనకే చేతులు చాపుకుని తిరుగుతున్నానండి. నాకు ఈ నేలంటే భయంగా ఉంది."

నేను తెలివిగా అన్నానని తరవాత కొందరన్నారు. అలాంటిదేమీ లేదు. భయం వేసింది, చెప్పాను.

పై అధికారి అడిగారు, "గ్రానైటు తొలగిస్తే?"

"వీల్లేదండి," అన్నారు విశ్వమోహన్ గారు. "తేలు భయానికి పరిష్కారంగా వేసిన శాశ్వత కట్టడమది. తొలగిస్తే పరిష్కృతమైన భయాన్ని తిరిగి తెరిచినట్టవుతుంది. ఉత్తర్వులో అందుకు ఆస్కారం లేదు."

"దాని మీద ఇంకోటి పరిస్తే?"

"శాశ్వత కట్టడం మీద కప్పు వేస్తే అది కట్టడమా, కట్టడం మీది కట్టడమా అన్నది పై స్థాయిలో నిర్ణయం కావాలండి. ఆర్నెల్లు పట్టవచ్చు."

"అంతవరకూ?"

విశ్వమోహన్ గారు ఉత్తర్వు బయటికి తీశారు. చదివినకొద్దీ ఆయన గొంతు గంభీరమైంది. "ఉత్తర్వు ప్రకారం, అపరిష్కృత భయం ఉన్న ప్రదేశంలో చదువుకునేవారిని క్షణం కూడా ఉంచరాదు. వరండా, గదులు, వంటగది అన్నీ గ్రానైటే. కాబట్టి భయాలన్నీ పరిష్కృతమైన ప్రదేశానికి ఆమెను తక్షణం తరలించాలి."

"అలాంటి ప్రదేశం ఏదైనా ఉన్నదా?"

"ఉన్నదండి. తల్లిగారు మొట్టమొదటి సమావేశంలోనే వ్యక్తం చేసిన భయం బురద. దాన్ని ఎప్పుడో పరిష్కృతంగా ప్రకటించాం. జారుట, ఎండ, సర్పాలు, పోటు, అన్నీ పరిష్కృతమే. ఈ పరిసరాల్లో అధికారికంగా ఏ ప్రమాదమూ లేని ప్రదేశం బురద ఒక్కటే."

"గోడ లోపలి బురదా, బయటి బురదా?" అని పరాంకుశం గారు అడిగారు. నేను వచ్చాక ఆయన చూద్దాం కాకుండా ఇంకో మాట అనడం అదే మొదలు.

"ఉత్తర్వులో బురదను విభజించలేదు," అన్నారు విశ్వమోహన్ గారు. "కాని లోపలి బురద గ్రానైటున్న ఆవరణలోనే ఉన్నది. కాబట్టి బయటిది."

సంఘం సమావేశంలోనే ఉంది కాబట్టి గేటు తాళం తీయడానికి అక్కడికక్కడే అనుమతి ఇచ్చారు. మా అమ్మాయి లేచి నిలబడింది. గోడ పట్టుకుని, ఒక్కొక్క అడుగూ చూసుకుంటూ వరండా దాటింది, మెట్టు దిగింది, ఆ తరవాత పరుగెత్తింది.

ఆ సాయంత్రమే కేంద్రం భవనానికి సీలు వేశారు. పరాంకుశం గారు కుర్చీ తెచ్చుకుని గేటు బయట చెట్టు కింద కూర్చుంటున్నారు. నదివైపు గట్టు మీద నాకూ అమ్మాయికీ టార్పాలిన్ పాక వేసిచ్చాడు సింహాద్రి. లోపల ఎవరూ లేరు కాబట్టి లోపల ఎవరికీ ఏమీ కాలేదు. రాష్ట్రంలోకెల్లా అత్యంత సురక్షితమైన పరిశోధనా కేంద్రమని దానికి బహుమతి కూడా వచ్చింది. అందుకోవడానికి విశ్వమోహన్ గారే వెళ్ళారు. మోటార్లు మాత్రం ఎవరూ ఆపలేదు, వాటి వేళకి అవి ఖాళీ ఆవరణలో పోటు తెస్తున్నాయి, తీస్తున్నాయి.

నిన్న మధ్యాహ్నం మళ్ళీ పెద్ద వాన. అమ్మాయి కట్టుకి ప్లాస్టిక్ సంచి చుట్టుకుని, బురదలో చాలా దూరం పోయి, వంగి కూర్చుంది. వానలో కూడా పీతలు చెయ్యి ఊపుతున్నాయట, కాని తక్కువెత్తులో, నెమ్మదిగా ఊపుతున్నాయట. ఆ సంగతి గట్టు దాకా వినబడేలా సింహాద్రికి అరిచి చెబుతోంది. సముద్రంవైపు ఆకాశం కాటుకలా అయిపోయింది. నీళ్ళు ఎక్కే వేళవుతోంది. సన్నటి పాయ ఒకటి అప్పుడే దానికీ గట్టుకీ మధ్య పాకుతోంది. అమ్మాయి మాత్రం తలెత్తి చూడటం లేదు.

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. విశ్వమోహన్ గారు.

"తల్లిగారూ, సాధారణ సమీక్షలో భాగంగా అడుగుతున్నాను. ప్రస్తుత ప్రదేశం విషయంలో తమరికి కొత్తగా ఏదైనా ఆందోళన ఉన్నదా?"

ఒక మెరుపు మెరిసింది.

"ఏమీ లేదండి," అన్నాను.

"ఏమీ లేదా? తమరు, ఏమీ లేదని ధ్రువీకరిస్తున్నారా?"

"ధ్రువీకరిస్తున్నానండి," అన్నాను. ఫోను కొంగున ముడేసుకుని, చెప్పులు గట్టు మీద విడిచి, గొడుగు పట్టుకుని బురదలోకి దిగాను.